శరీరంలో కరెంటు ఎంత ఉంది, బయటికి కనిపించేది ఎంత?

మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో మళ్లీ చెప్తాను, కొత్తగా చదివేవాళ్లకు వీలుగా ఉంటుంది. మన ఒంట్లో నిజంగా కరెంటు ఉందా, ఉంటే పరమాణువుల దగ్గర మొదలై గుండె, మెదడు దాకా అది ఎలా వస్తుంది, ఒంటి చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుందంటారు కదా అదెంత నిజం అని అడిగారు. దాని వెనక ఉన్న అసలు బెంగ కూడా రాశారు. చేత్తో పట్టుకుంటే చాలు, అవయవాలన్నిటి అయస్కాంత తరంగాలు చదివి నిమిషంలో జబ్బుల జాబితా ఇచ్చే పరికరం ఒకటి ఉందట. మీ అమ్మగారికి అది చేయించమని తెలిసినవాళ్లు ఒకటే పోరు పెడుతున్నారు, ఏం చెయ్యాలో తెలియక టెన్షన్‌గా ఉంది అన్నారు.

పాతికేళ్లుగా నా పని గుండె విద్యుత్తును గీతలుగా చూపే ఈసీజీ, మెదడు విద్యుత్తును చూపే ఈఈజీ గదుల్లోనే. ఒంటి మీద ఎలక్ట్రోడ్లు అంటించడం, వచ్చిన గీతల్లో ఏది గుండెది, ఏది మెదడుది, ఏది ఉత్త అలజడి అని విడదీయడం, కొత్తగా చేరినవాళ్లకు అది నేర్పడం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. చివరి ప్రశ్నకు జవాబు కావాలంటే ముందున్నవి అర్థం కావాలి.

ఒంట్లో విద్యుత్తు ఉంది. మీరు ఊహించినదానికంటే చాలా ఎక్కువే ఉంది. కానీ ప్లస్సులూ మైనస్సులూ ఒకదాన్నొకటి చెరిపేసుకోవడంతో దాదాపు అంతా లోపలే తీరిపోతుంది. బయట నుంచి మనం కొలిచేది ఆ లెక్కలో మిగిలిన కొసరు మాత్రమే. పరమాణువు దగ్గర చూసినా, గుండె దగ్గర చూసినా అడగాల్సింది ఒక్కటే. మొత్తం ఎంత, అందులో మిగిలింది ఎంత?

పరమాణువుతో మొదలుపెడదాం. మధ్యలో ప్లస్ చార్జి ఉన్న కేంద్రకం, చుట్టూ మైనస్ చార్జి ఉన్న ఎలక్ట్రాన్లు. రెండూ సమానం కాబట్టి దూరం నుంచి చూస్తే చార్జి లేనట్టే ఉంటుంది. దగ్గరికి వెళ్తే మాత్రం అక్కడ జరిగేదంతా విద్యుత్తే. నీటిలో హైడ్రోజన్ ఆక్సిజన్‌ను అంటిపెట్టుకుని ఉండటం, డీఎన్‌ఏలో రెండు పోగులు ఒకదానికొకటి అతుక్కోవడం, ప్రోటీను తన ఆకారంలోకి మడతపడటం, ఇవన్నీ చార్జీల లాగుడు, నెట్టుడులే. మీరు బల్ల మీద చెయ్యి పెడితే అది బల్లలోకి దిగిపోకుండా ఆగుతుంది. చేతిలోని ఎలక్ట్రాన్లను బల్లలోని ఎలక్ట్రాన్లు దగ్గరికి రానివ్వకపోవడమే దానికి కారణం. జీవరసాయనం మొత్తం విద్యుదయస్కాంత బలం చేసే పనే. అయినా మనిషిని ముట్టుకుంటే షాక్ కొట్టదంటే, ఆ రద్దు అంత పక్కాగా ఉందన్నమాట.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. తీగలో కదిలేవి ఎలక్ట్రాన్లు. ఒంట్లో ప్రధానంగా కదిలేవి అయాన్లు, అంటే ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న లేదా అదనంగా తెచ్చుకున్న పరమాణువులు. ఉప్పు నీళ్లలో కరిగినప్పుడు సోడియం ప్లస్‌గా, క్లోరైడ్ మైనస్‌గా విడిపోతాయి కదా, అవే. వీటికి పొటాషియం, కాల్షియం తోడు. మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు కూడా ఒక ప్రోటీను నుంచి ఇంకో ప్రోటీనుకు చేతులు మారుతూ వెళ్తాయి, మనకు శక్తి అక్కడే తయారవుతుంది. కానీ నరం, కండరం, గుండె, మెదడు ఇచ్చే సంకేతాలన్నీ అయాన్ల పనే.

ఇప్పుడు కణం పొర దగ్గరికి వద్దాం. నన్నడిగితే మొత్తం విషయంలో గుండెకాయ లాంటి చోటు ఇదే, కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

కణం లోపల పొటాషియం లీటరుకు దాదాపు 140 మిల్లీమోల్స్ (అయాన్లు ఎన్ని ఉన్నాయో చెప్పే కొలత) ఉంటే బయట 4 మాత్రమే. సోడియం దీనికి తలకిందులు. బయట 140 పైన, లోపల 10 నుంచి 15. ఈ తేడా ఊరికే నిలవదు. పొరలో ఉండే ఒక ప్రోటీను పంపు, కణం శక్తి కోసం వాడే ఏటీపీ అనే అణువును ఒక్కోటి ఖర్చుపెట్టి 3 సోడియం అయాన్లను బయటికి తోసి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. దీన్ని 1957లో జెన్స్ స్కౌ గుర్తించారు, దానికే 1997లో నోబెల్ వచ్చింది. ఒంటి బరువులో మెదడు 2 శాతమే అయినా, విశ్రాంతిలో మనం ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు 20 శాతం అదే తీసుకుంటుంది. అందులో పెద్ద వాటా ఈ పంపులకే పోతుంది. మనం నిద్రపోతున్నా పంపులు ఆగవు.

విశ్రాంతిలో ఉన్న పొరలో పొటాషియానికి మాత్రం కొన్ని సన్నని దారులు తెరిచి ఉంటాయి. లోపల ఎక్కువగా ఉంది కాబట్టి అది బయటికి జారాలని చూస్తుంది. జారిన ప్రతి అయానూ ఒక ప్లస్ చార్జిని బయటికి తీసుకుపోతుంది, లోపల మైనస్ మిగులుతుంది, ఆ మైనస్ మళ్లీ పొటాషియాన్ని వెనక్కి లాగుతుంది. ఈ రెండు లాగుళ్లూ సరితూగిన చోట వోల్టేజీ నిలబడుతుంది. నరాల కణంలో అది సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు, గుండె కండరంలో మైనస్ 90.

70 మిల్లీవోల్టులంటే చిన్న సంఖ్యే. చిన్న టార్చి బ్యాటరీ 1.5 వోల్టులు, అందులో 20వ వంతు కూడా కాదు. కానీ ఆ వోల్టేజీ ఎంత మందంలో ఉందో చూడండి. పొర మందం సుమారు 5 నానోమీటర్లు. భాగిస్తే మీటరుకు 1.4 కోట్ల వోల్టుల క్షేత్రం వస్తుంది. గాలిలో నిప్పురవ్వ ఎగరడానికి మీటరుకు సుమారు 30 లక్షల వోల్టులు చాలు. అంటే మీ ఒంట్లో ప్రతి నరం కణం, కండరం కణం పొరా గాలి తట్టుకోలేనంత విద్యుత్ క్షేత్రాన్ని నిమిషం కూడా తీరిక లేకుండా మోస్తోంది. ఇన్నేళ్లు ఈ పని చేశాక కూడా ఈ లెక్క పిల్లలకు బోర్డు మీద వేసి చూపించేటప్పుడు నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మరి ఆ క్షేత్రం బయటికి ఎందుకు తెలియదు? పొరకు ఒక పక్క ఉన్న ప్లస్సులను రెండో పక్క ఉన్న మైనస్సులు ఆ 5 నానోమీటర్ల దూరంలోనే చెరిపేస్తాయి. పైగా ఒంట్లో ఉన్నది ఉప్పునీరు కాబట్టి అటూఇటూ ఉన్న అయాన్లు వచ్చి మిగతాది కప్పేస్తాయి. పొర నుంచి కొన్ని నానోమీటర్లు జరిగితే ఇక ఏమీ లేనట్టే.

చెదిరిన అయాన్లు ఎన్నో కూడా చూద్దాం. 0.02 మిల్లీమీటర్ల అడ్డకొలత ఉన్న గుండ్రటి కణాన్ని తీసుకోండి. దాని పొర వోల్టేజీ 100 మిల్లీవోల్టులు మారాలంటే దాదాపు 75 లక్షల అయాన్లు దాటాలి. వినడానికి ఎక్కువే. కానీ ఆ కణం లోపల పొటాషియం అయాన్లు సుమారు 35 వేల కోట్లు ఉంటాయి. అంటే దాదాపు 50 వేలల్లో ఒకటి కదిలితే చాలు. మన ఆలోచన, కదలిక, నొప్పి అన్నీ ఆ 50 వేలల్లో ఒకటి మీదే నడుస్తున్నాయి.

నరంలో సంకేతం అంటే ఈ వోల్టేజీ ఒక్కసారి తిరగబడటం. పొర లోపలి మైనస్ కొంత తగ్గగానే సోడియం దారులు తెరుచుకుంటాయి, సోడియం లోపలికి దూకుతుంది, మైనస్ 70 కాస్తా ప్లస్ 30 దాకా వెళ్తుంది. వెంటనే ఆ దారులు మూతపడి పొటాషియం దారులు తెరుచుకుని వోల్టేజీని కిందికి దింపుతాయి. అంతా మిల్లీసెకను పని. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ సముద్రపు స్క్విడ్ జీవిలోని లావాటి నరపోగు మీద దీన్ని కొలిచి సమీకరణాలు రాశారు. ఆ పోగు అర మిల్లీమీటరు, ఒక్కోసారి ఇంకా లావుగా ఉంటుంది కాబట్టి లోపలికి ఎలక్ట్రోడ్ దూర్చగలిగారు. ఆ సమీకరణాలు ఇప్పటికీ వాడుతున్నాం.

తీగలో లాగా నరం వెంట కరెంటు ఈ చివర నుంచి ఆ చివరకు పారదు. అయాన్లు పొరకు అడ్డంగా లోపలికీ బయటికీ దాటుతాయి. ఒకచోట దాటితే పక్కనున్న పొర కదులుతుంది, అది తెరుచుకుంటే ఆ పక్కది. ఎండుగడ్డికి నిప్పు అంటుకుని సాగినట్టు అనుకోండి. మంట ముందుకు పోతుంది, గడ్డి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. అందుకే ఇది కాంతి వేగంతో పోదు. కొవ్వు తొడుగు ఉన్న లావుపాటి పోగుల్లో సెకనుకు 100 మీటర్ల పైన, తొడుగు లేని సన్నటి పోగుల్లో సెకనుకు ఒక మీటరు అటూఇటూ. కాలి వేలు గడపకు తగిలినప్పుడు గమనించండి. తగిలిందన్న సంగతి తక్షణం తెలుస్తుంది. ‘ఇప్పుడు మొదలవుతుంది’ అనుకునేంత ఖాళీ ఉంటుంది, ఆ తర్వాత లోతుగా సలిపే నొప్పి పైకి వస్తుంది. మొదటిది వేగం పోగుల్లో వచ్చింది, రెండోది నెమ్మది పోగుల్లో. ఒంట్లో విద్యుత్ సంకేతం వేగాన్ని ఏ పరికరం లేకుండా మీరే కొలిచినట్టు. పంటి డాక్టరు ఇచ్చే మత్తు ఇంజెక్షను చేసేది కూడా ఇక్కడే. సోడియం దారులను మూసేస్తుంది, అంటుకోవాల్సిన గడ్డి అంటుకోదు.

ఆ దారుల గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. పొటాషియం దారి తనగుండా పొటాషియాన్ని పోనిస్తుంది, దానికంటే చిన్నదైన సోడియాన్ని ఆపేస్తుంది. పెద్దదాన్ని పోనిచ్చి చిన్నదాన్ని ఆపడం ఎలాగో చాలాకాలం చిక్కుముడిగానే ఉంది. 1998లో రోడరిక్ మెకినన్ బృందం ఆ ప్రోటీను ఆకారాన్ని పరమాణువుల స్థాయిలో చూపించింది. నీళ్లలో ప్రతి అయానూ చుట్టూ నీటి అణువులను కప్పుకుని ఉంటుంది. సన్నని దారిలోకి రావాలంటే ఆ దుప్పటి విప్పాలి. దారి గోడల్లో ఉన్న ఆక్సిజన్ పరమాణువులు సరిగ్గా పొటాషియం కొలతకు అమరి ఉండి, నీళ్లు ఇచ్చిన ఆసరానే ఇస్తాయి. సోడియానికి ఆ ఆక్సిజన్లు అందవు, కాబట్టి అది తన దుప్పటి విప్పదు. పరమాణువు స్థాయి విద్యుత్ బలం, గుండె కొట్టుకోవడం రెండూ ఒకే కథలో భాగాలని అర్థం కావడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. ఆ ఆక్సిజన్లు కాస్త పక్కకు అమరి ఉంటే మనకు నరాలూ లేవు, గుండె లయా లేదు.

ఇక గుండె. కుడి కర్ణికలో పైన సైనస్ నోడ్ అనే చిన్న కణాల గుంపు ఉంటుంది. వాటి వోల్టేజీ ఎప్పుడూ నిలకడగా ఉండదు, తనంతట తానే పైకి పాకుతూ ఒక హద్దు దాటగానే సంకేతం కొడుతుంది. పెద్దవాళ్లలో విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు. గుండె కణాలు ఒకదానికొకటి చిన్న చిన్న రంధ్రాలతో కలిసి ఉంటాయి, సంకేతం వాటి గుండా పాకుతుంది. కర్ణికలకూ జఠరికలకూ మధ్య ఏవీ నోడ్ దగ్గర సుమారు పదో వంతు సెకను ఆగుతుంది. పైగదులు రక్తం కిందికి దింపేదాకా కింది గదులు ఆగాలి కదా, అందుకు. ఆ తర్వాత పర్కింజే పోగులు దాన్ని జఠరికలంతటా చకచకా పంచుతాయి.

ఒక్కో జఠరిక కణంలో వోల్టేజీ 100 మిల్లీవోల్టులకు పైగా మారుతుంది. ఛాతీ మీద మేం కొలిచేది మాత్రం సుమారు 1 మిల్లీవోల్టు. ఈసీజీ కాగితం మీద 10 చిన్న గళ్ల ఎత్తు. మిగతాదంతా రద్దయిపోయింది. ఇంకా వింత ఏమిటంటే, జఠరికలు మొత్తం సంకోచించి ఉన్నప్పుడు, అంటే ప్రతి కణమూ తన వోల్టేజీ మార్చుకుని ఉన్నప్పుడు, ఈసీజీలో గీత దాదాపు చదునుగా ఉంటుంది! క్యూఆర్‌ఎస్ అనే పదునైన శిఖరానికీ, టీ అనే గుండ్రటి అలకీ మధ్య ఉండే ఆ చదును భాగాన్ని ఎస్‌టీ అంటాం. అన్ని కణాలూ ఒకే స్థితిలో ఉంటే తేడా లేదు, తేడా లేకపోతే బయటికి కరెంటు లేదు. మారిన కణాలకూ మారని కణాలకూ మధ్య సరిహద్దు కదులుతున్నప్పుడే గీత లేస్తుంది.

ఇది అర్థమైతే గుండెపోటు ఈసీజీ కూడా అర్థమవుతుంది. రక్తం అందని కండరం మిగతా కండరంతో సమానంగా వోల్టేజీ నిలుపుకోలేదు. దెబ్బతిన్న భాగానికీ మంచి భాగానికీ మధ్య ఉండకూడని సమయంలో తేడా ఏర్పడి, చదునుగా ఉండాల్సిన ఎస్‌టీ పైకి లేస్తుంది. అది చూడగానే గదిలో అందరం పరిగెడతాం.

జఠరికలు లయ తప్పి కొట్టుకునే ఫిబ్రిలేషన్‌లో కూడా ప్రతి కణంలో విద్యుత్తు ఉంటుంది. ఎవరికి వాళ్లే మోగిస్తుంటారు, అంతే. రక్తం కదలదు. డీఫిబ్రిలేటర్ షాక్ చేసేది గుండెకు కరెంటు అందించడం కాదు, అన్ని కణాలనూ ఒక్కసారి ఒకే స్థితికి తేవడం. ఆ తర్వాత సైనస్ నోడ్ మళ్లీ పగ్గాలు పట్టుకోవాలి. అందుకే గీత పూర్తిగా చదునైపోయిన గుండెకు షాక్ ఇవ్వరు, సినిమాల్లో ఎన్నిసార్లు చూపించినా సరే.

నేను దగ్గర నుంచి చూసింది ఒకటి చెప్తాను. కిడ్నీలు సరిగా పనిచేయని ఒకాయనకు ఈసీజీ తీస్తున్నాను. ఆయన తీరిగ్గానే మాట్లాడుతున్నారు, కాళ్లు కాస్త బలహీనంగా ఉన్నాయన్నారంతే. కాగితం మీద టీ అలలు గుండ్రంగా కాకుండా గుడారాల్లా కొనదేరి లేచాయి, క్యూఆర్‌ఎస్ వెడల్పైపోయింది. డాక్టరుగారిని పిలిచాను, రక్తంలో పొటాషియం 7 దాటిందని తర్వాత రిపోర్టు వచ్చింది. మామూలుగా 3.5 నుంచి 5 ఉండాలి. పైన చెప్పిన సరితూగే వోల్టేజీని లెక్క కట్టండి. బయట పొటాషియం 4 ఉంటే మైనస్ 95 మిల్లీవోల్టులు, 7 అయితే మైనస్ 80. ఆ 15 మిల్లీవోల్టుల జరుగుడుకే సోడియం దారులు కొన్ని మొరాయిస్తాయి, సంకేతం గుండెలో నెమ్మదిగా పాకుతుంది, క్యూఆర్‌ఎస్ వెడల్పవుతుంది. ఇంకా పెరిగితే గుండె ఆగిపోవచ్చు. కాల్షియం ఇంజెక్షను నెమ్మదిగా ఎక్కిస్తుంటే కొన్ని నిమిషాల్లోనే గీతలు సన్నబడటం మా కళ్లముందే కనిపించింది. రక్తంలో పొటాషియం అప్పటికి తగ్గనేలేదు, పొర నిలదొక్కుకుందంతే. అయాన్ల లెక్క ఎంత సున్నితమో ఆ రోజు నాకు పుస్తకంలో చదివినదానికంటే బాగా అర్థమైంది.

ఈసీజీ తీసేటప్పుడు చల్లటి జెల్ పూస్తారు, దేనికని చాలామంది అడుగుతారు. ఒంట్లో కరెంటును మోసేవి అయాన్లు, మెషీను తీగలో ఎలక్ట్రాన్లు. ఈ రెండింటికీ మధ్య ఒక చేతిమార్పు జరగాలి. ఎలక్ట్రోడ్‌లో వెండి, వెండి క్లోరైడ్ పూత ఉంటాయి. జెల్‌లోని క్లోరైడ్ అయాను వెండితో కలిసినప్పుడు ఒక ఎలక్ట్రాన్‌ను తీగలోకి వదులుతుంది. ఐంథోవెన్ 1900ల మొదట్లో ఈసీజీ తీసినప్పుడు మనుషుల చేతులూ కాలూ ఉప్పునీళ్ల బకెట్లలో పెట్టించారు. జెల్ చేసే పని అప్పుడు బకెట్లు చేశాయి.

మెదడుకు వస్తే కొసరు ఇంకా తగ్గిపోతుంది. నెత్తి మీద ఈఈజీ కొలిచేది మిల్లీవోల్టుల్లో కాదు, అందులో వెయ్యో వంతైన మైక్రోవోల్టుల్లో, చాలావరకు 10 నుంచి 100. మెదడు పైపొరలో పిరమిడ్ ఆకారపు న్యూరాన్లు పక్కపక్కన ఒకే దిక్కుగా నిలబడి ఉంటాయి. కొన్ని చదరపు సెంటీమీటర్ల మేర అవి కలిసి ఊగితేనే ఆ కొసరైనా పుర్రె దాటి వస్తుంది. హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మీద మొదటిసారి దీన్ని నమోదు చేసి 1929లో ప్రచురించారు.

ఈఈజీ గదిలో నాకు ఇప్పటికీ ఇష్టమైన క్షణం ఒకటుంది. మనిషి మెలకువగా, కళ్లు తెరిచి కూర్చుంటారు. గీతలు చిన్నగా, చిక్కగా, క్రమం లేకుండా ఉంటాయి. ‘కళ్లు మూసుకోండి’ అంటాను. ఒకటి రెండు సెకన్లలో తల వెనక వైపు ఎలక్ట్రోడ్ల గీతలు ఉబ్బి, సెకనుకు 10 సార్లు చొప్పున చక్కటి అలలు మొదలవుతాయి. తెరవమంటే మళ్లీ మాయం. చూపు పని లేనప్పుడు అక్కడి కణాలు కలిసి ఊగుతాయి, పని రాగానే ఎవరి పని వాళ్లు చూసుకుంటాయి, కొసరు తగ్గిపోతుంది. గాఢనిద్రలో అలలు ఇంకా పెద్దవి. మూర్ఛ వచ్చినప్పుడు చాలా పెద్దవి. కాబట్టి మెదడు తరంగాలు ఎంత పెద్దగా ఉంటే అంత ‘శక్తి’ అని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఇంకోటి, రెప్ప వేస్తే ఈఈజీలో మెదడు అలలకంటే పెద్ద గుట్ట లేస్తుంది. కంటి ముందు భాగం వెనక భాగంతో పోలిస్తే ప్లస్‌లో ఉంటుంది, కన్నే ఒక చిన్న బ్యాటరీ. పళ్లు బిగిస్తే దవడ కండరాల విద్యుత్తు గీతలన్నిటినీ నల్లగా కప్పేస్తుంది. గోడలోని కరెంటు వైర్ల నుంచి 50 లేదా 60 హెర్ట్జ్ అలజడి వచ్చి చేరుతుంది. జెల్ వేసి, చర్మం రుద్ది, తల మీద ఇరవై ఎలక్ట్రోడ్లు అంటించి కూడా మేం సగం సమయం ఇది మెదడా, కన్నా, దవడా, గోడా అని తేల్చడానికే వెచ్చిస్తాం.

ఇప్పుడు అయస్కాంత క్షేత్రం. కరెంటు కదిలే ప్రతిచోటా అయస్కాంత క్షేత్రం పుడుతుంది, కాబట్టి గుండె, మెదడు చుట్టూ అది ఉంది, అబద్ధం కాదు. ఎంత ఉందన్నదే అసలు ప్రశ్న. గుండెది ఛాతీ దగ్గర కొన్ని పదుల పికోటెస్లాలు (టెస్లా అయస్కాంత క్షేత్రానికి కొలత, పికో అంటే అందులో లక్ష కోట్లో వంతు). భూమి అయస్కాంత క్షేత్రంలో సుమారు 10 లక్షల వంతు. మెదడుది అంతకంటే వంద రెట్లకు పైగా తక్కువ. గుండె క్షేత్రాన్ని 1963లో మొదటిసారి కొలిచినప్పుడు బౌల్, మెక్‌ఫీ లక్షల చుట్ల తీగచుట్టలు వాడారు. డేవిడ్ కోహెన్ అయస్కాంత అలజడి చొరబడని గదిలో, ద్రవ హీలియంలో మైనస్ 269 డిగ్రీల దగ్గర పనిచేసే స్క్విడ్ అనే సెన్సారుతో 1970 నాటికి స్పష్టంగా చూపించారు. స్క్విడ్ పేరు చూసి ఇందాకటి సముద్ర జీవి అనుకోకండి, ఇది వేరే. రుబీడియం ఆవిరితో పనిచేసే కొత్త సెన్సార్లు హీలియం అవసరాన్ని తప్పించాయి కానీ, మెదడు కొలతకు వాటికీ కవచం గది కావాల్సిందే. ఇంటి ముందు కారు కదిలినా, గదిలో ఇనుప కుర్చీ జరిగినా వచ్చే మార్పు గుండె క్షేత్రాన్ని మింగేస్తుంది.

రక్తంలో ఇనుము ఉంది కదా, అయస్కాంతం లాగదా అని కూడా అడుగుతారు. హీమోగ్లోబిన్‌లోని ఇనుము మేకు ఇనుములా ప్రవర్తించదు. ఆక్సిజన్ పట్టుకున్న హీమోగ్లోబిన్‌ను అయస్కాంతం రవ్వంత నెడుతుంది, వదిలేసినదాన్ని రవ్వంత లాగుతుంది. 1936లో పాలింగ్, కోరియెల్ చూపించింది ఇదే. ఆ రవ్వంత తేడాను పట్టుకునే ఫంక్షనల్ ఎంఆర్‌ఐ మెదడులో ఎక్కడ రక్తం ఎక్కువ పారుతోందో చెప్తుంది. మామూలు ఎంఆర్‌ఐ చూసేది నీళ్లు, కొవ్వుల్లోని హైడ్రోజన్ కేంద్రకాలను. 1.5 టెస్లాల బలమైన అయస్కాంతంలో కూడా, ఒక దిక్కుకు తిరిగిన కేంద్రకాలు రెండో దిక్కువాటికంటే పది లక్షలకు ఓ ఐదు మాత్రమే ఎక్కువ ఉంటాయి. ఆ స్కాన్‌లో మీరు చూసే బొమ్మంతా ఆ ఐదు ఇచ్చినదే. మళ్లీ అదే కొసరు.

ఒంటి నుంచి వచ్చే వెలుతురు గురించి త్వరగా చెప్పేస్తాను. చర్మం వేడికి పరారుణ కిరణాలు వస్తాయి, తరంగదైర్ఘ్యం 9 నుంచి 10 మైక్రోమీటర్ల దగ్గర ఎక్కువ. వెచ్చటి గోడ నుంచీ ఇలాగే వస్తాయి. కణాల్లో జరిగే రసాయన చర్యల వల్ల కంటికి ఆననంత సన్నటి వెలుగు కూడా వస్తుంది, కన్ను పట్టగలిగినదానికి సుమారు వెయ్యో వంతు. ఇంకా చిన్న స్థాయిలో, మన పొటాషియంలో 0.012 శాతం రేడియోధార్మికమైన పొటాషియం-40. పెద్ద మనిషి ఒంట్లో సెకనుకు సుమారు 4 వేల కేంద్రకాలు విచ్ఛిన్నమవుతుంటాయి, పదింట ఒకటి గామా కిరణం వదులుతుంది. ఇది అందరిలోనూ ఉండేదే, కంగారు పడొద్దు.

ఇక మీ అమ్మగారి సంగతి. పైన చెప్పిందంతా పెట్టుకుని ఆ పరికరాన్ని చూడండి. చేత్తో పట్టుకునే కడ్డీ ఒకటి, మామూలు గది, చుట్టూ కరెంటు వైర్లు, పక్కన ల్యాప్‌టాప్. గుండె అయస్కాంత క్షేత్రాన్ని అలా కొలవలేరు. కాలేయం, కిడ్నీ, పాంక్రియాస్‌లలోనైతే గుండెలోలా కణాలన్నీ ఒకే లయలో వోల్టేజీ మార్చుకోవు, కాబట్టి వాటి జబ్బు చెప్పేంత కొసరు అరచేతి దాకా రాదు. చెయ్యి పట్టుకున్న కడ్డీ ఏమైనా కొలిస్తే అది చర్మం నిరోధం. చెమట పడితే అది మారుతుంది, గట్టిగా పట్టుకుంటే మారుతుంది. అందులోంచి నలభై జబ్బుల పేర్లు రావు. పట్టుబట్టేవాళ్లను ఒక్కటి అడగండి. అమ్మగారికి వరసగా మూడుసార్లు, ప్రతిసారి వేరే పేరూ వేరే వయసూ ఎక్కించి చెయ్యమనండి, రిపోర్టులు పక్కపక్కన పెట్టండి.

అమ్మగారికి ఉన్న ఇబ్బంది ఏమిటో మీరు రాయలేదు. ఆయాసం, గుండె దడ, కళ్లు తిరగడం లాంటివి ఉంటే ఈసీజీతో పాటు రక్తంలో సోడియం, పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించండి. బీపీకి మందులు వాడుతుంటే పొటాషియం తప్పకుండా చూడాలి, కొన్ని మందులు దాన్ని పెంచుతాయి, కొన్ని తగ్గిస్తాయి. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం ఉంటే ఏ పరీక్షకూ ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఈసీజీ చేయించాక కాపీ దగ్గర పెట్టుకోండి. రేపు కొత్తగా ఏదైనా వస్తే పాత గీతతో పోల్చి చూడటమే మాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. కాగితం మీద అర్థం కానిది ఉంటే అమ్మగారి పేరు కనిపించకుండా ఇక్కడ పెట్టండి, ఏ గీత ఏమిటో నేను చెప్తాను.